వేపపుల్ల నుండి బ్రష్షు వరకు: భివండీ తెలుగు పిల్లల పళ్ళ కథ



ఈసారి మీ ముందుకు తెస్తున్నది వ్యాకరణమూ కాదు, పద్యమూ కాదు. పళ్ళు తోముకొనే సంగతి. ఇందులో చరిత్ర ఏమున్నదని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, నవ్వినప్పుడే కదా పళ్ళు కనబడేది. అయితే ఆ పళ్ళ వెనుక మన వలస ఉన్నది, మన మగ్గం ఉన్నది, విడిచి వచ్చిన ఊరి నీరు ఉన్నది. ఆ సంగతి తెలియక నేనొకసారి పెద్ద పొరపాటు చేశాను. దానితోనే ఆరంభిస్తాను.

ఒక పొరపాటు

చాలా ఏండ్ల క్రిందటి మాట. నాలుగవ తరగతిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నవ్వినప్పుడు ముందరి పళ్ళ మీద గోధుమరంగు చారలు కనబడ్డాయి. శుభ్రత పాఠం చెబుతున్న ఉత్సాహంలో అందరి ముందూ “నువ్వు రోజూ పళ్ళు తోముకోవా?” అని అడిగాను. తరగతి అంతా నవ్వింది. ఆనాటి నుండి ఆ అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకొని మాట్లాడటం మొదలుపెట్టింది. పద్యం అప్పజెప్పమంటే గొంతు పెగలదు. వారం తరువాత వాళ్ళమ్మ బడికి వచ్చి, కోపం లేకుండానే చెప్పింది. “సారూ, మా బిడ్డ పొద్దున, రాత్రి రెండు పూటలు తోముకుంటది. అవి తోమితె పొయ్యేటివి కావు. మాది నల్లగొండ దిక్కు. మా ఊరి బోరు నీళ్ళే అట్లాంటియి. నా పండ్లు గూడ చూడుండ్రి.”

చూశాను. అవే చారలు, ఇంకా ముదురు రంగులో. సిగ్గుతో తల వంచుకొన్నాను. తరువాత తరగతిలో అందరి ముందూ ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. తప్పు అందరి ముందూ చేసినప్పుడు దిద్దుకోవలసినదీ అందరి ముందే కదా. కాని ఆ చేయి నోటి ముందు నుండి తొలగడానికి ఆ విద్యా సంవత్సరమంతా పట్టింది. పళ్ళ గురించి తెలియకుండా పళ్ళ పాఠం చెప్పరాదని నాకు ఆనాడు తెలిసింది. ఈ వ్యాసం ఆ తరువాత నేర్చుకొన్న దానిలో కొంత.

పాచి అనే మాట

మొదట మన భాషలోనే ఉన్న ఒక సంపదను చూడండి. నిద్ర లేచిన నోరు పాచి నోరు. చెరువు మెట్ల మీద జారేది పాచి. తెల్లవారగానే ఇంట్లో చేసే ఊడ్పు, అలుకు, అంట్లు తోముట పాచిపని. ఈ మూడింటికీ ఒకే మాట వాడిన మన పెద్దలు ఎంత గమనించారో ఆలోచించండి. పంటి మీద పట్టే పలుచని జిగురు పొర సూక్ష్మజీవుల సమూహమని, నదిలో రాతి మీద పట్టే జారుడు పొర కూడా అటువంటి సమూహమేనని, శాస్త్రజ్ఞులు నేడు రెండింటినీ ఒకే శీర్షిక క్రింద అధ్యయనం చేస్తున్నారు. తెలుగు పిల్లవానికి ఈ సంగతి చెప్పడానికి కొత్త పదం కల్పించవలసిన పని లేదు. ‘పాచి’ అంటే చాలును.

ఈ పాచిలోని సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను, పిండిపదార్థాన్ని పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయనీ, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందనీ విలోబీ డేటన్ మిల్లర్ అనే అమెరికన్ దంతవైద్యుడు 1890లో గ్రంథరూపంలో వివరించాడు. ఆయన అప్పుడు జర్మనీలో పనిచేస్తున్నాడు. అంతకు ముందు అనేక దేశాలలో పళ్ళను పురుగు తొలుస్తుందనే నమ్మకం ఉండేది. మన ‘పుప్పిపన్ను’ అనే మాట కూడా ఆ ఊహనే గుర్తుచేస్తుంది. తొలిచేది పురుగు కాదు, పాచిలో పుట్టిన పులుపు. అదే పాచి కొన్ని రోజులు కదలకుండా ఉంటే ఉమ్మిలోని ఖనిజాలు చేరి గట్టిపడుతుంది. దానికీ మనకు మాట ఉన్నది, ‘గార’. పాచిని మనం తోమి పోగొట్టుకోగలం. గారను తీయవలసినది వైద్యుడు. పిల్లలకు ఈ ఒక్క భేదం తెలిస్తే సగం పాఠం అయినట్లే.

పందుంపుల్ల

పళ్ళు తోముకొనుట మనకు పాశ్చాత్యులు నేర్పినది కాదు. సుశ్రుత సంహితలో దంతకాష్ఠం ఎట్లుండవలెనో స్పష్టంగా చెప్పబడినది. పన్నెండు వేళ్ళ వెడల్పు పొడవు, చిటికెనవ్రేలి లావు, కణుపులు లేని వంకర లేని పచ్చి పుల్ల. చేదు పుల్లలలో వేప, వగరు పుల్లలలో చండ్ర, కారపు పుల్లలలో గానుగ మేలైనవని ఆ గ్రంథం నిర్ణయించింది. మరింత ముఖ్యమైన సంగతి తోమే పద్ధతి. పుల్ల కొనను మెత్తని కుంచెగా చేసి, ఒక్కొక్క పంటినీ విడిగా, చిగుళ్ళకు బాధ కలుగకుండా రుద్దవలెనని చెప్పబడినది. ఈనాటి దంతవైద్యుడు చెప్పేది కూడా ఇదే.

బౌద్ధుల వినయపిటకంలో దీనిపై పిల్లలకు నచ్చే ఒక కథ ఉన్నది. పళ్ళు తోముకోక భిక్షువుల నోళ్ళు దుర్వాసన కొడుతుంటే బుద్ధుడు దంతకాష్ఠాన్ని అనుమతించాడు. కొందరు అల్లరి భిక్షువులు పొడుగాటి పుల్లలు తెచ్చి వాటితో చిన్న సామణేరులను కొట్టసాగారు. అందువల్ల ఎనిమిది వేళ్ళకు మించరాదని నియమం వచ్చింది. మరొక భిక్షువు మరీ పొట్టి పుల్ల వాడి గొంతులో అడ్డం పడేసుకొన్నాడు. అప్పుడు నాలుగు వేళ్ళకు తగ్గరాదని మరో నియమం వచ్చింది. బ్రష్షులతో కత్తియుద్ధం చేసే మన రెండవ తరగతి వీరులకు ఈ కథ చెప్పి చూడండి. 7వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ కూడా తన గ్రంథంలో దంతకాష్ఠం వాడకానికి ఒక అధ్యాయమే కేటాయించాడు.

మన పల్లెలలో ఇది పందుంపుల్ల. వేప, గానుగ, ఉత్తరేణి, తుమ్మ, మర్రి ఊడ, ఏది దొరికితే అది. నమిలి కుంచె చేసి, తోమి, పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకొని, పుక్కిలించి పారవేయడం. ఖర్చు లేదు, కడిగి దాచుకొనే పని లేదు, ఒకరిది ఒకరు వాడే ప్రశ్న లేదు. మన భివండీలోనే మసీదుల ముందు అమ్మే మిస్వాక్ కూడా ఈ కుటుంబానికి చెందినదే. అది పీలు చెట్టు వేరు. ఇటువంటి పుల్లలు అలవాటున్న చోట వాటి వాడకాన్ని ప్రోత్సహించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలోనే చెప్పింది. కనుక “మా తాత వేపపుల్లతో తోముకొంటాడు” అన్న పిల్లవాణ్ణి చూసి తరగతి నవ్వకుండా చూడవలసిన బాధ్యత మనది. పుల్ల తక్కువది కాదు. మెత్తగా నమలనిదే చిగుళ్ళను గీరుతుంది, వెనుక దవడ పళ్ళ లోపలి వైపునకు సులభంగా చేరదు. దాని లోపం అంతే.

మగ్గంతో పాటు మారిన నోరు

ఇక మన వలస కథ. 1857 తరువాత ఉత్తరాది నుండి మోమిన్ నేతగాండ్రు భివండీకి వచ్చి చేతిమగ్గాలు పెట్టుకొన్నారు. 1930లలో ఇక్కడ మరమగ్గాలు, అంటే మన వాళ్ళ నోట ‘సాంచాలు’, మొదలయ్యాయి. నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ ప్రాంతాల నేతకు మిల్లు బట్ట దెబ్బ తగలగా, పద్మశాలీ కుటుంబాలు షోలాపూర్, బొంబాయి, భివండీల దారి పట్టాయి. 1982 జనవరిలో ప్రారంభమైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె తరువాత మిల్లులు మూతబడుతుంటే మరమగ్గాల పని మరింతగా ఇటు మళ్ళింది. పద్మానగర్, కామత్‌ఘర్ వీధులలో తెలుగు వినబడటానికి కారణం ఇదే.

ఊరిలో ఇంటి ముందర వేపచెట్టు ఉండేది. ఇక్కడ చాళ్ళలో, సాంచాల ఖార్ఖానాల మధ్య చెట్టు ఏది? పుల్ల పోయి పొడి వచ్చింది. ఊరిలో కచ్చిక బూడిద, ఉప్పు, బొగ్గు ఉండేవి. ఇక్కడ మరాఠీలో రాఖుండీ అనే నల్లపొడి, బొంబాయి మంకీ బ్రాండ్ నల్ల పళ్ళపొడి వంటివి అంగట్లో దొరికేవి. 1952లో బొంబాయిలో మొదలైన విక్కో సంస్థ మూలికల పళ్ళపొడితోనే పేరు తెచ్చుకొన్నది. ఈ పొడులన్నీ ఒకే రకం కావు. అయితే గరుకు బూడిద, ఇటుక పొడి, బొగ్గు వంటివి వ్రేలితో గట్టిగా రుద్దితే పళ్ళు తెల్లగా కనబడతాయి కాని, పై పొర అరుగుతుంది. అరిగిన పన్ను మళ్ళీ పెరగదు. పైగా వ్రేలు పంటి సందులలోకి పోదు, పాచి మాత్రం అక్కడే కూర్చుంటుంది.

అన్నిటికంటె అపాయకరమైనది మిశ్రీ. పొగాకును పెనం మీద నల్లబడేదాకా వేచి పొడిచేసినదే మిశ్రీ. మహారాష్ట్రలో, ముఖ్యంగా స్త్రీలలో, దీనితో పళ్ళు రుద్దుకొనే అలవాటు చాలా కాలంగా ఉన్నది. పంటినొప్పి తగ్గుతుందని మొదలుపెడతారు. తరువాత రోజుకు నాలుగుసార్లు రుద్దుకోనిదే ఉండలేరు. అది పళ్ళు తోముకొనుట కాదు, పొగాకు వాడుట. పేస్టులలోను, పళ్ళపొడులలోను పొగాకు కలపరాదని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. 1997లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. విద్యాసంస్థలకు 100 గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతున్నది. గుట్కాను మహారాష్ట్ర 2012లో నిషేధించింది. కాని ఇంటి పెనం మీద వేగే మిశ్రీకి ఏ చట్టమూ చేరదు. అక్కడికి చేరగలిగినది బడిపిల్ల ఒక్కతే. “అమ్మా, నాయనమ్మ రుద్దుకొనేది పళ్ళపొడి కాదట, పొగాకట” అని ఇంటికి వెళ్ళి చెప్పగలిగిన పిల్లను మనం తయారుచేయాలి. ఆ మాట నాయనమ్మకు అర్థమయ్యే తెలుగులో చెప్పగలగడం కూడా ముఖ్యమే.

బ్రష్షు, పేస్టు ఎప్పటివి?

వెంట్రుకల కుంచెతో పళ్ళు తోమే పద్ధతి చైనాలో 15వ శతాబ్దం చివరికే ఉన్నదని చెబుతారు. ఇంగ్లండులో విలియం ఆడిస్ 1780 ప్రాంతంలో బ్రష్షుల తయారీని వ్యాపారంగా మొదలుపెట్టాడు. అప్పటి కుంచె పంది వెంట్రుకలది. అది నోట పెట్టుకొనడానికి మన దేశంలో హిందువులకూ, ముస్లింలకూ కూడా అభ్యంతరం ఉండటంలో ఆశ్చర్యం లేదు. 1938లో అమెరికాలో నైలాన్ పోగుల బ్రష్షు వచ్చిన తరువాత ఆ అడ్డంకి తొలగింది. నేతపని వారికి ఇది చెప్పినప్పుడు వారి ముఖాలలో వెలుగు చూడాలి. మగ్గం మీదికి ఎక్కిన ఆ నైలాను, పాలిస్టరు పోగుల వంశమే నోటిలోనికి వచ్చినది కదా! ఇక పేస్టును గొట్టంలో నింపి అమ్మడం 1890లలో అమెరికాలో మొదలైనది. కోల్గేట్ సంస్థ మన దేశంలో 1937లో అడుగుపెట్టింది.

నల్లగొండ నీరు చెప్పిన పాఠం

ఇప్పుడు ఆ అమ్మాయి పళ్ళ మీది చారల సంగతి. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు స్థానికుల పళ్ళపై గోధుమరంగు మచ్చలను గమనించాడు. ఆ మచ్చల పళ్ళు అంత సులభంగా పుచ్చిపోవడం లేదనీ గమనించాడు. కారణం నీటిలోని ఫ్లోరైడు అని 1931లో తేలింది. మన వైపు 1937లోనే, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించారు. 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో తగ్గించే విధానాన్ని నాగపూర్ లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. దానికి ప్రపంచమంతటా ఉన్న పేరు ‘నల్లగొండ పద్ధతి’. 2016లో మిషన్ భగీరథ నీరు రావడం మొదలయ్యేదాకా ఎన్నో ఊళ్ళు బోరు నీటినే తాగాయి. పళ్ళకే కాదు, ఎముకలకూ, కీళ్ళకూ ఆ నీరు చేసిన హాని మీకు తెలియనిది కాదు.

ఉపాధ్యాయులు గుర్తుంచుకోవలసినది ఇది. స్థిరదంతాలు చిగురు లోపల తయారవుతున్న కాలంలో, అంటే సుమారు ఎనిమిదేండ్ల లోపు, ఎక్కువ ఫ్లోరైడు కడుపులోకి పోతే పంటి పైపొరలోనే మచ్చ పడుతుంది. అది పైన పట్టిన మురికి కాదు. తోమితే పోదు. ఉప్పు, నిమ్మకాయ, బొగ్గు పెట్టి రుద్దితే ఉన్న పొర కూడా పోతుంది. మచ్చ బాధిస్తే దంతవైద్యుడు చేయగలిగిన చికిత్సలు ఉన్నవి. పిల్లవాడు భివండీలో ఉంటున్నా, పసితనం అమ్మమ్మ ఊరిలో గడిచి ఉండవచ్చును. కనుక పళ్ళ రంగును బట్టి ఎవరి శుభ్రతనూ నిర్ణయించరాదు. శుభ్రతను చూడాలంటే రంగును కాదు, చిగురు అంచున తెల్లగా మెత్తగా ఉండే పాచిని చూడాలి.

మరి ఇదే ఫ్లోరైడు పేస్టులో ఎందుకు? కొద్ది మోతాదులో పంటి పైన తగిలితే అది ఆమ్లం కరిగించిన చోటును మళ్ళీ గట్టిపరుస్తుంది. ఎక్కువ మోతాదులో మింగితే తయారవుతున్న పంటిని చెరుపుతుంది. ఉప్పు కూరకు రుచి, గుప్పెడు పోస్తే విషం, అంతే తేడా. అందుచేత మూడేండ్ల లోపు పసివారికి బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేండ్ల వారికి బఠాణీ గింజంత పేస్టు చాలును. ప్రకటనలలో చూపినట్లు బ్రష్షు పొడవునా పరచవలసిన అవసరం లేదు. మింగకుండా ఉమ్మివేయడం నేర్పాలి.

బడిలో పళ్ళు తోమించిన వారు

పళ్ళు తోముటను బడి పాఠంగా చేసిన వారిలో ముందు చెప్పుకోదగినవాడు ఆల్ఫ్రెడ్ ఫోన్స్. ఆయన 1913లో అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ పట్టణంలో దంత పరిశుభ్రతా కార్యకర్తలకు శిక్షణ మొదలుపెట్టాడు. అలా శిక్షణ పొందిన స్త్రీలు 1914 నుండి ఆ ఊరి బడులకు వెళ్ళి పిల్లల పళ్ళు శుభ్రం చేసి, తోముకొనే తీరు నేర్పారు. అది కూడా మన ఊరి వంటి కర్మాగారాల పట్టణమే, వలస కూలీల పిల్లలు చదివే బడులే. పళ్ళు మూసి, బ్రష్షును గుండ్రంగా త్రిప్పుతూ తోమే తేలిక పద్ధతికి ఆయన పేరే ఉన్నది. చిన్నపిల్లల చేతికి నేటికీ అది అనువైనది. 2000ల నుండి స్కాట్లండులో చిన్నపిల్లల బడులలోను, ఆ దశాబ్దం చివరి నుండి ఫిలిప్పీన్స్ ప్రభుత్వ పాఠశాలలలోను రోజూ గురువుల కళ్ళ ముందే తోమించే పద్ధతి సాగుతున్నది. ఫిలిప్పీన్స్ బడులలో పిల్లలంతా కలిసి చేతులు కడుగుకొని, కలిసి పళ్ళు తోముకొంటారు. అక్కడా వైద్యుల కొరత ఉన్నది, కుళాయిల కొరత ఉన్నది. అయినా సాగింది.

మన ప్రభుత్వం బాలల ఆరోగ్య పరీక్షకై ‘రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం’ 2013 ఫిబ్రవరిలో ప్రారంభించింది. ప్రారంభించిన చోటు పాల్ఘర్. అప్పటికి అది మన ఠాణే జిల్లాలోనిదే. ఆ కార్యక్రమంలో చూడవలసిన లోపాలలో దంతాల జబ్బులు కూడా ఉన్నవి. బడికి వైద్య బృందం వచ్చినప్పుడు హాజరుపట్టీలో ఎవరి పన్ను నొప్పి ఉన్నదో ముందే గుర్తుపెట్టి ఉంచండి. ఆ రోజు ఆ పిల్లవాడు బడి మానకుండా చూడండి.

మన బడిలో ఎట్లా?

ఇంటిలో నేర్పరా అని అడగవచ్చు. నాయన రాత్‌పాళీ దిగి తెల్లవారి పడుకొంటాడు. అమ్మ కండెలు చుట్టే పనికో, మరో పనికో పోతుంది. పిల్లవాడు ఒంటరిగా నోటిలో బ్రష్షు పెట్టుకొని, నురగ రాగానే ఉమ్మివేసి బడికి పరుగెత్తుతాడు. ఏడెనిమిదేండ్ల లోపు పిల్లవాని చేతికి తానై చక్కగా తోముకొనే నేర్పు రాదు, పెద్దల చేయి తోడు కావాలి. ఇది ఎవరి తప్పూ కాదు. పన్నెండు గంటల పని అటువంటిది. అందుకే బడి ఆ చేయి కావాలి.

పైగా మనకు చెడ్డ భాషా చిక్కు ఒకటి ఉన్నది. ‘తోము’ అనే క్రియ అంట్లకూ, పళ్ళకూ ఒకటే. మరాఠీ ‘ఘాసణే’ కూడా రుద్దుటే. దానితో పిల్లవాడు గిన్నెను తోమినట్లు అడ్డంగా, బలంగా రుద్దుతాడు. అట్లా రుద్దితే చిగురు దగ్గర పన్ను కోసుకుపోతుంది. నేను “పళ్ళు తోము” అన్నప్పుడెల్లా “పసిపాప వీపు నిమిరినట్లు” అని చేరుస్తాను. పట్టు గట్టిగా కాక, కలం పట్టినట్లు ఉండాలి. బ్రష్షు తల చిన్నది, పోగులు మెత్తనివి కావాలి.

సమయం రెండు నిమిషాలు. గడియారం చూపితే పిల్లలు విసుగుతారు. నేను చేసే పని ఇది. నోటిని ఆరు భాగాలు చేస్తాను: పైన కుడి, ముందు, ఎడమ, క్రింద ఎడమ, ముందు, కుడి. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క శతక పద్యం. ఒక పిల్లవాడు బ్రష్షు లేకుండా నిలబడి ఆటవెలదిని రాగంతో నెమ్మదిగా చదువుతాడు. పద్యానికి సుమారు ఇరవై క్షణాలు పడుతుంది. మిగిలినవారు ఆ పద్యం ముగిసేదాకా ఆ భాగంలోనే వెలుపల, లోపల, నమిలే తలం మీద గుండ్రంగా తోముతారు. పద్యం మారితే చోటు మారాలి. ఆరు పద్యాలు, రెండు నిమిషాలు. చదివే వంతు రోజుకొకరిది. ఏడాది తిరిగేసరికి పద్యాలూ వచ్చాయి, పళ్ళూ బాగుపడ్డాయి. నోటి ముందు చేయి అడ్డం పెట్టుకొన్న ఆ అమ్మాయి మొదట గొంతు విప్పినది ఈ వంతులోనే. అందరి నోటా నురగ ఉన్నప్పుడు ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేరు కదా!

నెలకొకసారి ఒక ప్రయోగం చేయించండి. బీట్‌రూట్ ముక్క నమిలించి, ఒకసారి పుక్కిలించి, అద్దంలో చూసుకోమనండి. పాచి మిగిలిన చోట ఎరుపు నిలుస్తుంది. చాలామందికి అది చిగురు అంచున, దవడ పళ్ళ వెనుక కనబడుతుంది. ‘సరిగా తోముకో’ అని నూరుసార్లు చెప్పినా రాని తెలివి ఆ ఒక్క ఎరుపుతో వస్తుంది.

ఒకటవ తరగతి గురువులు, ఆరేండ్ల పిల్లల తల్లులు మరొకటి తప్పక గమనించండి. పాలపళ్ళు ఇరవై. వాటి వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, ఆరవ ఏట ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. పాలపన్నే కదా, పుచ్చితే ఊడిపోయి మళ్ళీ వస్తుందని చాలామంది అనుకొంటారు. అది మళ్ళీ రాదు, జీవితాంతం ఉండవలసిన పన్ను. కొత్తగా వచ్చేటప్పుడు పక్క పంటి కంటె ఎత్తు తక్కువగా ఉండటం వల్ల నేరుగా తోమితే బ్రష్షు దానిని తాకదు. బుగ్గ పక్క నుండి అడ్డంగా పెట్టి తోమాలి.

నీటి కొరత అడ్డంకి కాదు. ఉమ్మివేసిన తరువాత ఎక్కువగా పుక్కిలించకపోవడమే మంచిది. పేస్టులోని ఫ్లోరైడు కొంతసేపు నిలుస్తుంది. బ్రష్షుల మీద పేర్లు వ్రాయించండి. ఒకదానికొకటి తగలకుండా నిలువుగా, గాలి తగిలేట్లు ఉంచండి. పోగులు వంగిపోగానే, లేదా మూడు నెలలకు, మార్చండి. ఇంటికి మాత్రం ఒకే కబురు పంపండి. రాత్రి పడుకొనే ముందు తోముకొన్న తరువాత బిస్కెట్టు, పాలు, చాయ ఏదీ వద్దు. నిద్రలో ఉమ్మి తగ్గుతుంది, కడిగేవారు లేని నోటిలో పాచి రాత్రంతా పనిచేస్తుంది. రెండు పూటలలో ఏదైనా తప్పితే తప్పవచ్చు గాని రాత్రి పూట తప్పరాదు.

ఎందుకింత శ్రమ?

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956లో వచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించవలెనని అది రాష్ట్రాలను కోరుతున్నది. మన నగరపాలిక బడులలో తెలుగు మాధ్యమం ఉండటం, పుణెలోని బాలభారతి తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు ప్రచురించడం ఆ భావన వల్లనే అర్థవంతమవుతున్నవి. మాతృభాషలో చదువు అంటే పద్యాలు, లెక్కలు మాత్రమే కాదు. ‘ఏ పన్ను? సలుపుతున్నదా, జివ్వుమంటున్నదా, చిగురు వాచిందా?’ అని అడిగితే చెప్పగలిగిన మాటలు పిల్లవానికి ఉండటం కూడా మాతృభాషా విద్యే. ఆ మాటలు లేని పిల్లవాడు బుగ్గ పట్టుకొని వెనుక బల్ల మీద కూర్చుంటాడు. మనం వాణ్ణి చదువు మీద శ్రద్ధ లేనివాడంటాము. తెల్లవారేదాకా పంటినొప్పితో నిద్ర లేని పిల్లవానికి గుణింతం ఎక్కదని మనకు తోచదు.

పెద్దలు ఊరి నుండి మగ్గాన్ని తెచ్చుకొన్నారు, భాషను తెచ్చుకొన్నారు. వేపచెట్టును తేలేకపోయారు. ఆ చెట్టు ఇచ్చిన తెల్లవారి అలవాటును తిరిగి ఇవ్వడం మన బడి చేయగలిగిన పని. రేపు తరగతికి వెళ్ళినప్పుడు ఎవరి పళ్ళ రంగునూ అడగకండి. ఆరు పద్యాలు ఎంచుకొని, పిల్లలను ఆవరణలోకి తీసుకువెళ్ళండి. వీలైతే మీ బ్రష్షు కూడా తీసుకువెళ్ళండి. గురువు నోటిలో నురగ చూసిన పిల్లలు ఆ పాఠం ఎన్నటికీ మరువరు.